బొమికల కొలువులో పాట కచేరీ

సాయంత్రం ఆరయితే మామూలు మ్యూజియం తాళం వేసుకుంటుంది. కొన్ని మాత్రం అప్పుడే అసలు కొట్టు తెరుస్తాయి. ఒక గదిలో జీవపరిణామం మీద ఉపన్యాసం. పక్క గదిలో శిలాజాల చుట్టూ షికారు. నడిమి హాల్లో గిటారు, డ్రమ్ములు. చేతిలో గ్లాసు, నెత్తి మీద తిమింగలం! లండన్, బెర్లిన్, న్యూయార్క్, షికాగో, శాన్ ఫ్రాన్సిస్కో నగరాల్లో ఇది మామూలు సంగతే. బొమికలకూ మాటలకూ పాటలకూ ఈ పొత్తు నిన్నమొన్న కుదిరిందనుకుంటే పొరపాటు. లెక్కలు చూడండి.

అన్నిటికన్నా పాత విందు 1853 డిసెంబర్ 31 రాత్రిది. లండన్‌లో క్రిస్టల్ ప్యాలెస్ తోట కోసం శిల్పి బెంజమిన్ వాటర్‌హౌస్ హాకిన్స్ నిలువెత్తు డైనోసార్ బొమ్మలు పోస్తున్నాడు. వాటిలో ఇగ్వానోడాన్ అచ్చు ఇంకా ఖాళీగా ఉంది. దాని పొట్టలోనే బల్లలు వేసి సుమారు 20 మంది పెద్దమనుషులకు భోజనం పెట్టాడు. తల దగ్గర కూర్చున్నది రిచర్డ్ ఓవెన్, 1842లో ‘డైనోసార్’ అనే పేరు పెట్టిన మనిషి. ఉపన్యాసాలయ్యాయి. ఆ రాత్రి కోసమే ఎడ్వర్డ్ ఫోర్బ్స్ రాసిన పాటను అందరూ గొంతెత్తి పాడారు. శిలాజం, ప్రసంగం, సంగీతం మూడూ ఒకే పొట్టలో! పరిణామం మీద డార్విన్ పుస్తకం రావడానికి ఇంకా ఆరేళ్లుంది. ఒక్కటే తిరకాసు: ఇగ్వానోడాన్ ముక్కు మీద వాళ్లు పెట్టిన కొమ్ము నిజానికి దాని బొటనవేలి ముల్లు. ఆ బొమ్మ ఇప్పటికీ ఆ తోటలో ముక్కున కొమ్ముతోనే నిలబడి ఉంది.

రాత్రిపూట తలుపు తెరిచిన తొలి మ్యూజియాల్లో ముందు నిలిచేది సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం. ఇప్పుడు దాన్ని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ అంటున్నారు. 1857లో పెట్టిన ఆ మ్యూజియంలో గ్యాసు దీపాలు వెలిగించారు. పగలంతా పనిలో ఉండే కూలీ జనం కూడా చూడాలన్నది మ్యూజియం తొలి డైరెక్టర్ హెన్రీ కోల్ పట్టుదల. విద్యుద్దీపం ఇంటింటికీ రాకముందు సంగతి ఇది!

ఒకే రాత్రి ఊరి మ్యూజియాలన్నీ తెరిచే ‘లాంగ్ నైట్’ పుట్టింది బెర్లిన్‌లో, 1997లో. వియన్నా 2000లో అందుకుంది. 2005 నుంచి యూరప్ మొత్తానికీ ‘మ్యూజియాల రాత్రి’ ఒకటి వచ్చింది, మే 18కి దగ్గర పడే శనివారం.

ఏడాదికోసారి కాదు, వారం వారం జరిపే మొనగాడు శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్. 2009 నుంచి అక్కడ గురువారం రాత్రి ‘నైట్‌లైఫ్’. 21 ఏళ్లు నిండనివారికి ప్రవేశం లేదు. పిల్లల్ని ఇంట్లో వదిలి పెద్దలు మ్యూజియానికి పరుగెత్తే వింత అది! పైకప్పు ఇంకో వింత: రెండున్నర ఎకరాల తోట, నాటినప్పుడు లెక్క 17 లక్షల మొక్కలు.

ఇక నెత్తి మీది తిమింగలం. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం, హింట్జ్ హాల్. పేరు హోప్, జాతి నీలి తిమింగలం, పొడవు 25.2 మీటర్లు, బరువు నాలుగున్నర టన్నులు, ఎముకలు 221. బాగా ఎదిగిన తాటిచెట్టును అడ్డంగా పడుకోబెట్టి గాల్లో వేలాడదీసినట్టు! 1891లో ఐర్లండ్‌లోని వెక్స్‌ఫర్డ్ ఒడ్డున ఇసుకలో చిక్కి చచ్చిపోయిన జీవి. 2017 జూలై నుంచి నోరు తెరుచుకుని, కిందికి మునుగుతున్న భంగిమలో, జనం మీదికి దూకబోతున్నట్టే కనిపిస్తుంది. కింద కచేరీ జరిగేటప్పుడు కెమెరాలన్నీ పైకే.

ఆ హాల్లో అసలు పాటల వంశం ఎవరిదంటే హోప్‌దే. సజీవంగా ఉన్న నీలి తిమింగలం మంద్రస్థాయి 20 హెర్ట్జ్ కన్నా కిందికి దిగుతుంది. మనిషి చెవి గడప అక్కడే. అంటే భూమ్మీద అతి పెద్ద జంతువు పాడే పాటలో అతి లోతైన స్వరాలు మనకు వినబడనే వినబడవు. 1800ల్లో సుమారు రెండున్నర లక్షలున్న ఈ జాతి వేట ధాటికి 1966 నాటికి 400కి పడిపోయిందని మ్యూజియం అంచనా. ఇప్పుడు 20 వేల దాకా కోలుకుంది. హోప్, అంటే ఆశ, అన్న పేరు అందుకే.

హోప్ రాకతో చోటు ఖాళీ చేసినవాడు డిప్పీ, డిప్లొడోకస్. 292 ఎముకల ప్లాస్టర్ అచ్చు. 36 పెట్టెల్లో ఓడెక్కి అమెరికా నుంచి వచ్చాడు. పంపింది ఉక్కు కోటీశ్వరుడు ఆండ్రూ కార్నెగీ, అడిగింది ఏడవ ఎడ్వర్డ్ రాజు. 1905 మే 12న తెర తీశారు. అంటే 2017 జనవరిలో మూటా ముల్లే సర్దేనాటికి 111 ఏళ్ల కొలువు! ఒక్క నిజమైన ఎముకైనా లేకుండా ఇంత పేరు తెచ్చుకున్న డైనోసార్ మరొకటి లేదని నా పందెం.

పొడవులో పోటీ పెడితే డిప్పీ, హోప్ ఇద్దరూ ఓడిపోతారు. పటగోటైటాన్ మయోరమ్, అర్జెంటీనా పటగోనియాలో తవ్వి తీసిన బకాసురుడు. 37 మీటర్లు. మూడు ఆర్టీసీ బస్సుల్ని ముక్కుకు తోకానించి నిలిపినా ఇంకా కొంచెం మిగులుతుంది. తొడ ఎముకే 2.4 మీటర్లు, మన గుమ్మంలో నిలువునా పట్టదు. న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ 2016 జనవరిలో దీని అచ్చును నిలబెట్టింది. గది చాలలేదు! మెడా తలా గుమ్మం దాటి లిఫ్టుల వైపు తొంగిచూస్తున్నాయి. లిఫ్టు దిగేవాణ్ని ముందు పలకరించేది దాని మొహమే.

పొడవు వేరు, ఎత్తు వేరు. నిలబెట్టిన అస్థిపంజరాల్లో అతి ఎత్తయినదిగా గిన్నిస్ కెక్కింది బెర్లిన్ మ్యూజియంలోని జిరాఫటైటాన్: 13.27 మీటర్లు. నాలుగంతస్తుల మేడ పిట్టగోడ మీంచి మనతో మాట్లాడగలదు. దాని వెనక ఇంకో రికార్డుంది, ఏ బోర్డు మీదా పెద్దక్షరాలతో కనబడదు. 1909 నుంచి 1913 దాకా ఇప్పటి టాంజానియాలోని టెండగురులో తవ్విన రాళ్లూ ఎముకలూ 200 టన్నులకు పైనే. వాటిని నాలుగు రోజుల నడక దూరంలోని లిండి రేవుకు చేర్చింది రైలూ కాదు, లారీ కాదు. స్థానిక కూలీల నెత్తులు! ఏ డైనోసార్ ఎత్తు కన్నా ఆ మోత నాకు పెద్దగా కనిపిస్తుంది.

అతి చిన్న డైనోసార్ ఎగురుతుంది. వేళాకోళం కాదు, పక్షులు డైనోసార్ల వంశమే. క్యూబాలోని బీ హమ్మింగ్‌బర్డ్, మగది: 5.7 సెంటీమీటర్లు, అందులో సగం ముక్కూ తోకా. బరువు 1.6 గ్రాములు. పటగోటైటాన్ బరువు 60 టన్నులనుకుంటే, తక్కెడలో అవతలి పళ్లెంలో మూడున్నర కోట్లకు పైగా పిట్టలు వేయాలి! అయినా రెండూ ఒకే చెట్టు కొమ్మలు.

ధరలో మహారాజు అపెక్స్. స్టెగొసారస్, 3.4 మీటర్ల ఎత్తు, 8.2 మీటర్ల పొడవు, 15 కోట్ల ఏళ్ల వయసు. 2024 జూలైలో న్యూయార్క్ సోథెబీస్ వేలంలో 4.46 కోట్ల డాలర్లు పలికింది. మన డబ్బులో దాదాపు 370 కోట్లు! పాడేముందు వేసిన అంచనా 40 నుంచి 60 లక్షల డాలర్లే. కొన్న ఆసామి దాన్ని న్యూయార్క్ మ్యూజియానికి ప్రదర్శన కోసం అరువిచ్చాడు.

షికాగో ఫీల్డ్ మ్యూజియంలో ‘సూ’ అనే టైరనోసారస్ రెక్స్ ధర దీని ముందు పిల్లకాకి: 1997లో 83.6 లక్షల డాలర్లు. కానీ ఒళ్లు దాదాపు పూర్తిగా దొరికిన టి రెక్స్‌ల్లో సూకు సాటి అరుదు. ఘనపరిమాణం లెక్కన 90 శాతం. పొడవు నలభై అడుగుల పైన, 12.3 మీటర్లు. అసలు పుర్రె 270 కిలోలు. మెడ మోయలేదని దాన్ని విడిగా గాజు పెట్టెలో పెట్టారు. ఒంటి మీద ఉన్నది తేలికపాటి అచ్చు. 1990 ఆగస్టు 12న దీన్ని కనిపెట్టిన సూ హెండ్రిక్సన్ పేరే దానికి పెట్టారు.

అదే ఫీల్డ్ మ్యూజియంలో కంటికి ఆనని ఛాంపియన్ ఒకటుంది. 1969 సెప్టెంబర్ 28న ఆస్ట్రేలియాలోని మర్చిసన్‌లో పడిన ఉల్క తునకల్లో దొరికిన నక్షత్ర ధూళి. 2020లో తేల్చిన వయసు: వాటిలో కొన్ని రేణువులకు 700 కోట్ల ఏళ్ల దాకా! సూర్యుడికి 460 కోట్లే. మనిషి చేతికి చిక్కిన ఘనపదార్థంలో ఇంతకన్నా పాతది లేదు. డైనోసార్ల దగ్గర ఫోటోలు దిగేవాళ్లు చాలామంది దీని పక్కనుంచే వెళ్లిపోతారు.

జీవం జాడల్లో పెద్దముత్తైదువ కూడా ఆస్ట్రేలియాదే: పశ్చిమాన పిల్బరా రాళ్లలోని స్ట్రొమటొలైట్లు, సూక్ష్మజీవులు పొర మీద పొరగా కట్టిన గుట్టలు. 348 కోట్ల ఏళ్లు. మొదటి డైనోసార్ పుట్టేనాటికే వాటికి 320 కోట్ల ఏళ్లు దాటాయి.

చవక బేరం బహుమతి ఓవెన్‌దే. 1861లో జర్మనీ సోల్న్‌హోఫెన్ సున్నపురాతిలో ఈకల గుర్తులతో సహా ఆర్కియోటెరిక్స్ బయటపడింది. పళ్లున్నాయి, ఎముకల తోకుంది, రెక్కలూ ఉన్నాయి. బల్లికీ పక్షికీ మధ్య వంతెన! మరుసటి ఏడాదే ఓవెన్ దాన్ని ఇంకా బోలెడు శిలాజాలతో కలిపి 700 పౌండ్లకు లండన్‌కు కొన్నాడు. డార్విన్‌ను జీవితాంతం ఎదిరించిన మనిషి, డార్విన్‌కు అతి పెద్ద సాక్షిని సొంత చేతులతో ఇంటికి తెచ్చిపెట్టాడు. సరసం ఇంతకన్నా చరిత్రకు చేతకాదు.

అదే ఓవెన్ పట్టుబట్టి కట్టించిన భవనం ఇప్పటి లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం. ఆల్‌ఫ్రెడ్ వాటర్‌హౌస్ గీసిన నమూనా, 1881 ఏప్రిల్ 18న ప్రారంభం. గోడలనిండా కాల్చిన మట్టి బొమ్మలు. తూర్పు వైపు అంతరించిన జీవులే, పడమటి వైపు బతికున్నవే. రెంటికీ చుట్టరికం లేదని ఇటుకలతో చేసిన వాదన అది! ఆ గోడల మధ్యే ఇప్పుడు వాటి చుట్టరికం మీద రాత్రి పొద్దుపోయేదాకా ప్రసంగాలు.

ఎక్కువ తిరిగిన విగ్రహం డార్విన్‌ది. 1885 జూన్ 9న హాలు మెట్ల మీద కొలువు తీరింది, జోసెఫ్ బోమ్ చెక్కిన పాలరాయి. 1927లో ఒక భారతీయ ఏనుగుకు చోటు కావాలని పక్కకు నెట్టారు. తర్వాత ఆ మెట్ల మీద ఓవెన్ కంచు విగ్రహం నిలబడింది. 2008లో ఓవెన్‌ను దించి డార్విన్‌ను మళ్లీ ఎక్కించారు. 81 ఏళ్ల అజ్ఞాతవాసం! పాండవులది మొత్తం కలిపినా 13 ఏళ్లే.

అతి పొడవైన సీసా కావాలంటే మ్యూజియం వెనక్కి, డార్విన్ సెంటర్‌కి వెళ్లాలి. సారాయి వాసన వచ్చే ఆ గిడ్డంగిలో 2 కోట్ల 20 లక్షల జీవులు ద్రావకాల్లో మునిగి ఉన్నాయి. అల్మరాల అరలన్నీ కలిపితే 27 కిలోమీటర్లు. వాటన్నిటికీ రాణి ఆర్చీ: 2004లో ఫాక్‌లాండ్ దీవుల దగ్గర దొరికిన జెయింట్ స్క్విడ్, 8.62 మీటర్లు. పచ్చడి జాడీ అంటే ఇదీ.

ఇక ప్రసంగాలు. డార్విన్ పుట్టినరోజు ఫిబ్రవరి 12 చుట్టూ ఎన్నో మ్యూజియాల్లో పరిణామం మీద సభలు పెడతారు. కానీ చరిత్రలో అతి చప్పని సభ ఏదో తెలుసా? 1858 జూలై 1, లండన్ లిన్నేయన్ సొసైటీ. ప్రకృతి వరణం అనే సిద్ధాంతాన్ని లోకానికి మొదటిసారి చదివి వినిపించిన రోజు. వినడానికి వచ్చింది 30 మంది. రాసిన ఇద్దరూ రాలేదు: వాలెస్ న్యూగినీ అడవుల్లో ఉన్నాడు, డార్విన్ మూడు రోజుల కింద పోయిన పసిబిడ్డ దుఃఖంలో ఉన్నాడు. చర్చ లేదు, చప్పట్లు లేవు. ఏడాది తిరిగాక సొసైటీ అధ్యక్షుడు థామస్ బెల్, పోయిన ఏడాది చెప్పుకోదగ్గ సంచలన ఆవిష్కరణలేవీ జరగలేదని తేల్చేశాడు! మొహం మీదికి వచ్చిన ఏనుగును చూడలేదన్న రికార్డు ఆయనకే చెందాలి.

అతి రచ్చయిన సభ రెండేళ్ల తర్వాత. 1860 జూన్ 30, ఆక్స్‌ఫర్డ్ మ్యూజియం. కట్టడం పనులు ఇంకా పూర్తి కానేలేదు. 700 నుంచి వెయ్యి మంది క్రిక్కిరిశారు. డార్విన్‌ను కాదంటూ బిషప్ విల్బర్‌ఫోర్స్ ఒక పక్క, ఔనంటూ థామస్ హక్స్‌లీ ఇంకో పక్క. కోతి తాతా, కోతి అవ్వా అంటూ మాట పట్టింపులు. వేడికీ ఉద్రేకానికీ ఒకామె సొమ్మసిల్లిందని చెబుతారు. ‘బీగల్’ ఓడ మీద డార్విన్‌ను ప్రపంచమంతా తిప్పిన కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ బైబిల్ ఎత్తి పట్టుకుని డార్విన్‌కు ఎదురు నిలిచాడు. ఎవరేం అన్నారో మాటమాటగా రాసిన పత్రం మాత్రం లేదు. పేరు గొప్ప, రికార్డు సున్న!

అదే ఆక్స్‌ఫర్డ్ మ్యూజియంలో డోడో పక్షి తల ఉంది. లోకంలో చర్మం మిగిలిన డోడో ఇదొక్కటే. 2018లో స్కానింగ్ చేస్తే పుర్రెలో సీసపు రవ్వలు కనబడ్డాయి. ముసలితనంతో పోలేదు పాపం, తల వెనక తుపాకీ దెబ్బ!

అబద్ధాల పోటీలో పిల్ట్‌డౌన్ మనిషిని కొట్టేవాడు పుట్టలేదు. 1912 డిసెంబర్ 18 సాయంత్రం లండన్ జియలాజికల్ సొసైటీ సభలో మనిషికీ కోతికీ మధ్య కొక్కెం దొరికిందని ఆర్భాటంగా ప్రకటించారు. 1953 నవంబర్‌లో గుట్టు రట్టయింది: పైన మనిషి పుర్రె, కింద ఒరాంగుటాన్ దవడ, పళ్లకు ఆకురాయి, రంగు పూత. దాదాపు 41 ఏళ్లు నిలబడిన అతుకు! ఆ ముక్కల్ని మ్యూజియం పారేయలేదు, దాచుకుంది. మోసాన్ని పట్టుకున్నదీ సైన్సేనన్న సంగతి ప్రసంగాల్లో తప్పక గుర్తు చేస్తారు, చేయాలి కూడా.

పిన్న వయసు శిలాజ వేటగత్తె మేరీ ఆనింగ్. ఇంగ్లండ్‌లోని లైమ్ రీజిస్ కొండచరియల్లో 1811లో అన్న జోసెఫ్ కంటికి పుర్రె ఆనింది. మిగతా ఇక్తియోసార్‌ను వెతికి పట్టేనాటికి ఆ పిల్లకు 13 ఏళ్లు నిండలేదు. 5 మీటర్ల పైచిలుకు జీవి! ఆమె తీసిన సముద్ర సరీసృపాలు లండన్ మ్యూజియం గోడల మీద ఇప్పటికీ ఉన్నాయి. జియలాజికల్ సొసైటీ స్త్రీలకు సభ్యత్వం ఇచ్చింది 1919లో. అప్పటికి మేరీ పోయి 72 ఏళ్లు.

పరిణామం అంటే కోట్ల ఏళ్లు కావాలనేవాళ్ల నోరు మూయించే వేగవంతులు గాలపగోస్ పిచ్చుకలు. పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973 నుంచి 40 ఏళ్లు డాఫ్నీ మేజర్ అనే చిన్న దీవిలో ముక్కులు కొలుస్తూ గడిపారు. 1977 కరువులో గట్టి గింజలే మిగిలితే బలమైన ముక్కులవే బతికాయి. తర్వాతి తరానికే సగటు ముక్కు లావెక్కింది. 1981లో 100 కిలోమీటర్ల అవతలి దీవి నుంచి ఒంటరి మగపిట్ట ఒకటి వచ్చి వాలింది. స్థానిక పిట్టతో జతకట్టింది. మూడో తరానికల్లా దాని సంతతి ఊళ్లో వాళ్లతో సంబంధాలు మానేసి తమలో తామే చేసుకోసాగింది. కొత్త కులం!

వేగంలో ఆ వెనకే పెప్పర్డ్ మాత్ అనే రెక్కల పురుగు. 1848లో మాంచెస్టర్‌లో మొదటి నల్ల పురుగు నమోదు. 1895కి నూటికి 98 నల్లవే. కారణం మిల్లుల మసి. గాలి బాగుపడ్డాక తెల్లవి మళ్లీ తిరిగొచ్చాయి.

‘చచ్చాడనుకుంటే వచ్చాడు’ పోటీలో సీలకాంత్ చేప. 6.6 కోట్ల ఏళ్ల కింద డైనోసార్లతో పాటే పోయిందని పుస్తకాల్లో రాశారు. 1938 డిసెంబర్ 22న దక్షిణాఫ్రికాలో చేపల పడవ మీద కనిపించింది. ఒకటిన్నర మీటర్ల పొడవు, 57 కిలోలు. గుర్తు పట్టింది ఈస్ట్ లండన్ అనే ఊళ్లోని చిన్న మ్యూజియం ఉద్యోగిని మార్జరీ కోర్ట్‌నీ-లాటిమర్. కంపు కొట్టే చేపను బండెక్కించడానికి టాక్సీవాడు మొరాయించాడు! రెండోది దొరకడానికి ఇంకో 14 ఏళ్లు.

మాటలైపోయాయి, పాటలు. లోకంలో అతి పాత పాట 16.5 కోట్ల ఏళ్ల నాటిది. పాడింది చైనా శిలల్లో దొరికిన కీచురాయి, ఆర్కబాయిలస్ మ్యూజికస్. రెక్కల మీది గరుకు పళ్లు చెక్కు చెదరలేదు. 2012లో శాస్త్రవేత్తలు ఆ పళ్లను లెక్కపెట్టి, రాపిడిని లెక్కగట్టి పాటను తిరిగి పుట్టించారు: 6.4 కిలోహెర్ట్జ్, ఒకే శ్రుతి. జురాసిక్ అడవి నేపథ్య సంగీతం మన చెవికి హాయిగా వినబడుతుంది.

అతి పొడవైన బాకా పారసారొలోఫస్ అనే డైనోసార్ నెత్తి మీద ఉంది. ముక్కురంధ్రాల గొట్టాలు నెత్తికెక్కి వెనక్కి మెలిక తిరిగిన కిరీటం. 1995లో న్యూమెక్సికోలో దొరికిన పుర్రె పొడవు నాలుగున్నర అడుగులు. స్కానింగులు తీసి, శాండియా ప్రయోగశాల కంప్యూటర్లకు అప్పగించి, 1997లో దానిచేత కూత పెట్టించారు. మంద్రంగా, గుండెల్లో దిగేలా ఉంటుంది.

మనిషి చేసిన అతి పాత వాయిద్యం దగ్గర తగవుంది. స్లొవేనియాలో దివ్యే బాబే గుహలో 1995లో దొరికిన ఎలుగుపిల్ల తొడ ఎముకకు 50 వేల ఏళ్ల పైమాటే. అది నియాండర్తల్ వేణువని ఆ దేశం గర్వం. కాదు, ఏదో మృగం కొరికిన రంధ్రాలని మరికొందరు. తగవు లేని అతి పాతవాటిలో ఒకటి జర్మనీ హోలె ఫెల్స్ గుహ వేణువు: 2008లో దొరికింది, రాబందు రెక్క ఎముక, 21.8 సెంటీమీటర్లు, అయిదు రంధ్రాలు, 35 వేల ఏళ్లకు తగ్గదు.

ఊదితే ఇప్పటికీ పలికేవాటిలో కిరీటం చైనా జియాహూది. కొంగ ఎముకల వేణువులు, 7 వేల నుంచి 9 వేల ఏళ్లవి. ఏడు రంధ్రాల వేణువొకటి చెక్కు చెదరకుండా దొరికితే ఊది చూసి, స్వరాలు కొలిచి, 1999లో ప్రకటించారు. అన్ని వేల ఏళ్ల విరామం తర్వాత ఇంకే విద్వాంసుడూ మళ్లీ కచేరీ చేయలేదు!

పాట వల్ల పేరొచ్చిన శిలాజాల్లో లూసీని మించింది లేదు. 1974 నవంబర్ 24, ఇథియోపియాలోని హడార్. డొనాల్డ్ జొహాన్సన్ బృందానికి 32 లక్షల ఏళ్ల నాటి అవ్వ దొరికింది. ఎత్తు 1.1 మీటర్లు, అస్థిపంజరంలో 40 శాతం. ఆ రాత్రి గుడారాల్లో సంబరం, టేప్ రికార్డర్‌లో బీటిల్స్ పాట మళ్లీ మళ్లీ. పాటలో పేరే ఆవిడకు స్థిరపడింది. తేదీ గమనించారా? డార్విన్ గ్రంథం అచ్చయింది 1859 నవంబర్ 24న. సరిగ్గా 115 ఏళ్లు!

రాక్ గాయకుల వరుస ఇంకా ఉంది. మడగాస్కర్‌లో మార్క్ నాప్‌ఫ్లర్ పాటలు పెట్టుకున్నప్పుడల్లా ఎముకలు దొరికాయట; 2001లో ముందుకు పొడుచుకొచ్చిన పళ్ల రెండు మీటర్ల డైనోసార్‌కు మసియకసారస్ నాప్‌ఫ్లెరి అని పేరు. మోటర్‌హెడ్ లెమ్మీకి మాత్రం 16.4 కోట్ల ఏళ్ల సముద్రపు మొసలి దక్కింది: 5.8 మీటర్ల లెమ్మీసూకస్. 1909లో తవ్వింది లండన్ మ్యూజియంలో వేరే పేరుతో 100 ఏళ్లకు పైగా పడి ఉండి 2017లో రాక్ స్టార్ అయింది.

అతి మొద్దు శ్రోతల బిరుదు వానపాములకు. సాక్షాత్తు డార్విన్ ఇంట్లో జరిగిన కచేరీ ఇది. కుండీల్లో రెండు వానపాములు, ఎదురుగా కొడుకు బసూన్ ఊదుతున్నాడు, పియానో మోగుతోంది, కేకలు పెడుతున్నారు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. కుండీల్ని పియానో మీదే పెట్టి మంద్రంలో ఒక స్వరం నొక్కగానే రెండూ బొరియల్లోకి దూకాయి! చెవి లేదు, అదురు తెలుసు. వాటి మీద పుస్తకం 1881లోనే వచ్చింది, లండన్ మ్యూజియం తెరిచిన ఏడే. డార్విన్ కూడా సంగీతంలో ఏమంత మొనగాడు కాదు. తెలిసిన పాటనే కాస్త వేగం మార్చి వాయిస్తే పోల్చుకోలేకపోయేవాడు. అయినా కేంబ్రిడ్జిలో చదివే రోజుల్లో గుడి గాయక బాలుర్ని డబ్బిచ్చి గదికి పిలిపించుకుని పాడించుకున్నాడు.

అతి నిశ్శబ్ద నృత్యం హోప్ కిందే. సైలెంట్ డిస్కో రాత్రి అందరి చెవులకూ హెడ్‌ఫోన్లు. హాల్లో సంగీతం లేదు, వందల జతల బూట్ల చప్పుడే. తిమింగలం పాట మనకు వినబడదు, మన పాట తిమింగలానికి వినబడదు, లెక్క సరి. పిల్లలకు వేరే రాత్రి, ‘డైనో స్నోర్స్’: ఏడేళ్ల నుంచి పదకొండేళ్ల వాళ్లు టార్చిలైట్లతో శిలాజాలు వెతికి, దిండూ దుప్పటీతో ఆ హాల్లోనే పడక. పెద్దలకూ ఒక పడక రాత్రి ఉంది, సంగీతంతో సహా. నిద్రపోయేవాళ్లు తక్కువంటారు.

మన వాటా ఏమీ లేదనుకోకండి. ప్రాణహిత–గోదావరి లోయ జురాసిక్ డైనోసార్ల పుట్టిల్లు. అక్కడి బరపసారస్ టాగోరై తొడ ఎముక 1.7 మీటర్లు, అంటే మన సగటు మనిషంత. దాని అస్థిపంజరం కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది, పేరులో టాగోర్ ఉన్నాడు. పాట కట్టినవాడి పేరుతో డైనోసార్ పెట్టడంలో నాప్‌ఫ్లర్ కన్నా మనం పాతికేళ్లు ముందు, 1975!

రెండోది పాత ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గరిది, కోటసారస్ యామనపల్లియెన్సిస్. 1988లో పి. యాదగిరి పేరు పెట్టారు. సుమారు 9 మీటర్ల జీవి. హైదరాబాద్ నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడి ఉంది. అచ్చు కాదు, ఎముకలు అసలువే! కనీసం 12 జంతువులవి, 840 భాగాలు దొరికాయి. పళ్లు రెండు దొరికాయి. పుర్రె మాత్రం దొరకలేదు. బరపసారస్‌కూ అంతే, పళ్లున్నాయి, పుర్రె లేదు. రెండు మహాకాయాలు, ఒకే లోయ, ఒక్క తలా లేదు. తల లేని డైనోసార్ల పోటీ పెడితే గోదావరి లోయకు మొదటి బహుమతీ, రెండో బహుమతీ రెండూ ఖాయం.